600 ఎంఎం కొన్నా పిట్ట ఫొటోలు చప్పగానే వస్తున్నాయి, లోపం ఎక్కడ?

సాగర్‌నగర్_షట్టర్
చిట్టీ పాడి మరీ దూరాన్ని దగ్గరికి లాగే 150-600 ఎంఎం లెన్స్ కొన్నాను. కెమెరా బాడీ పాతదే, 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ (చిన్న సైజు సెన్సర్). ఫోకస్ పడుతోంది, ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. అయినా చూస్తే ఆధార్ కార్డు ఫొటోలా ఉంటోంది తప్ప రెండోసారి చూడాలనిపించట్లేదు. పొద్దున్నే వైజాగ్ పక్కన భీమిలి బీచ్‌కి వెళ్తే ఒడ్డున తిరిగే ఉల్లంకి పిట్టలు నల్లగా వస్తున్నాయి. ముడసర్లోవ రిజర్వాయర్ దగ్గర కొంగని తీస్తే తెల్ల మచ్చ, ఈకల జాడే లేదు. వెనకాలేమో పుల్లలు, ప్లాస్టిక్ కవర్లు, నీళ్ల మీద తేలే సోలార్ పలకలు. ఎడిటింగ్‌లో ఎంత లాగినా లాభం లేదు. లోపం వెలుగులోనా, ఫ్రేమ్ పెట్టడంలోనా? లెన్స్ మార్చమని మాత్రం చెప్పకండి, ఇంట్లో ఇప్పటికే మాటల్లేవు.

ఐఎస్ఓ_6400
బాడీ మార్చండి.

సిక్కోలు_కుర్రోడు
లెన్స్ మార్చొద్దన్నాడు గానీ బాడీ సంగతి సెప్పనేదు గదేటి. ఇప్పుడు మాటలే నేవు, బాడీ కూడా కొంటే కూడూ ఉండదు.

ఎంవీపీ_మాస్టారు
బాడీ, లెన్స్ రెండూ చాలు. ముందు భీమిలి సంగతి చూద్దాం. మన తీరానికి సముద్రం తూర్పున, కాస్త ఆగ్నేయానికి తిరిగి ఉంది. పొద్దున ఇసుకలో నిలబడి నీళ్ల వైపు లెన్స్ తిప్పితే సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉంటాడు. పిట్ట మీకు చూపించేది దాని నీడ వైపు. కెమెరాలో వెలుగు కొలిచే మీటరేమో మెరిసే నీళ్లని చూసి మొత్తం ఫొటోని ఇంకా చీకటి చేస్తుంది. గోవాలోనో కేరళలోనో పొద్దున ఒడ్డున నిలబడితే ఎండ వీపున పడుతుంది. మనకది సాయంత్రం పడుతుంది. వాళ్ల వీడియోలు చూసి మనం తెల్లారగట్ల ఒడ్డుకి పరిగెత్తితే ఇలాగే వస్తాయి.

సాయంత్రం వెళ్లాలంటే ఒక చిక్కుంది. మన వెనకాల కొండలు, మేడలు ఉన్నాయి కాబట్టి పంచాంగంలో రాసిన టైముకి చాలా ముందే ఎండ ఒడ్డు వదిలేస్తుంది. పైగా డిసెంబరులో ఇక్కడ ఐదున్నర ప్రాంతంలోనే సూర్యాస్తమయం. అంచేత చలికాలంలో మూడున్నరకల్లా ఇసుకలో ఉండాలి. టీ తాగి ఐదింటికి బయల్దేరితే సూర్యుడు మీకోసం ఆగడు.

పొద్దున్నే వెళ్లాలనుకుంటే గోస్తనీ సముద్రంలో కలిసే చోటికి వెళ్లండి. ఇసుక దిబ్బ మీద సముద్రానికి వీపు పెట్టి, నది వైపు తీయండి. అదే పొద్దు, అవే పిట్టలు, వెలుగు మాత్రం మీ వైపుకి వస్తుంది. గుర్తు ఒకటే. మీ నీడ పిట్ట వైపు పడుతుందో లేదో చూసుకోండి. పోటు వేళ మాత్రం దిబ్బ మీదకి వెళ్లకండి, అలని నమ్మడానికి లేదు.

తేనెపిట్ట
ఈ నీడ చిట్కా బాల్కనీలోనూ పనిచేస్తుంది మాస్టారూ. మా మందార కుండీ తూర్పు గోడకి ఉండేది, పడమటి వైపుకి మార్చాను. తేనెపిట్ట మగది వస్తే మెడ దగ్గర ఊదా రంగు సాయంత్రం ఎండలో వెలుగుతుంది. ఎండ పక్కనుంచి పడితే అదే పిట్ట బొగ్గు నలుపు. ఆ మెరుపు కోణాన్ని బట్టి వచ్చేదే కాబట్టి వెలుగు మన వెనకనుంచే ఉండాలి.

గోస్తనీ_గట్టు
మాస్టారితో సగమే ఒప్పుకుంటా. అందరూ వీపున ఎండ పెట్టుకుని తీసి తీసి, ఏ గ్రూపు తెరిచినా ఒకే ఫొటో. ఎదురెండలో గల్ అనే సముద్రపు పిట్ట రెక్క విప్పితే ఈకల్లోంచి వెలుగు దూరి వస్తుంది, అది మీ సాయంత్రం ఎండలో రాదు. ఉల్లంకి ఒంటి చుట్టూ సన్నటి వెలుగు అంచు కూడా అంతే. నేను పొద్దున్నే వెళ్తా, నీళ్ల వైపే తీస్తా, ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు) ఇంకా తగ్గించి నీడబొమ్మ చేస్తా.

దీనికి షరతు ఒక్కటే, ముక్కు, మెడ, కాళ్లు విడివిడిగా కనపడాలి. పిట్ట పూర్తిగా పక్కకి తిరిగినప్పుడు మాత్రమే నొక్కాలి. ఎదురుగా తిరిగితే అది నల్ల ముద్ద. రెండు పిట్టలు ఒకదాని మీద ఒకటి పడినా అంతే. మంద మొత్తాన్ని వదిలి కాస్త దూరంగా ఉన్నదాని కోసం ఆగండి.

ఎంవీపీ_మాస్టారు
బాగుంది, కానీ ఆయన అడిగింది ఈకల గురించి. నీడబొమ్మ కావాలా ఈకలు కావాలా అన్నది ఇంట్లోనే తేల్చుకుని బయల్దేరాలి. మధ్యస్థంగా తీస్తే అది రెండూ కాదు.

సాగర్‌నగర్_షట్టర్
మధ్యస్థంగా తీస్తున్నాననే ఇప్పుడు అర్థమవుతోంది. మరి కొంగ సంగతి?

ఐఎస్ఓ_6400
కొంగ తేలిక. వెనకాల ముదురు నీళ్లో చెట్లో ఉంటే మీటర్ 'ఇదేదో చీకటిగా ఉంది' అనుకుని వెలుగు పెంచుతుంది, తెలుపు మాడిపోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే మీటర్ లెక్కని మనం సరిచేసే సెట్టింగు, మైనస్ ఒకటి దాకా దించండి. అదే కొంగ తెల్లటి మబ్బుల ఆకాశంలో ఎగురుతుంటే తిరగబడుతుంది, ప్లస్ ఒకటి పెట్టాలి. నీటికాకి, ఏట్రింత లాంటి నల్లవాటికి ఎండలో కూడా కొంచెం ప్లస్ కావాలి, లేదంటే కన్ను ఎక్కడుందో తెలీదు. హైలైట్ అలర్ట్ ఆన్ చేసుకోండి. తెలుపు మీద మినుకుమినుకుమంటే ఇంకా దించాలన్నమాట. రా ఫైల్లో (సెన్సర్ పట్టింది పట్టినట్టు ఉంచే ఫైలు) తీయండి. మాడిపోయిన తెలుపుని మాత్రం రా కూడా వెనక్కి తేలేదు, నీడని చాలావరకు పైకి లాగొచ్చు.

సెట్టింగు: మాన్యువల్, లెన్స్ కన్నం ఎఫ్ 6.3, షట్టర్ కూర్చున్న పిట్టకి 1/500 సెకను, ఎగిరేదానికి 1/2000 పైన, ఐఎస్ఓ (వెలుగుని ఎంత పెంచి చూపాలన్న సెట్టింగు) ఆటో. ఇంతే.

ఎంవీపీ_మాస్టారు
ఐఎస్ఓ ఆటో పెడితే అది మాన్యువల్ ఎలా అవుతుందండీ? గద్ద ఆకాశంలోంచి కొండ ముందుకి వచ్చిందంటే మీ ఆటో ఐఎస్ఓ దానికి తగ్గట్టు ఎగిరి దూకుతుంది. గద్ద మీద ఎండ మాత్రం ఇసుమంత కూడా మారలేదు. ఎండ నిలకడగా ఉన్నప్పుడు తెల్ల కొంగకి సరిపోయేలా మూడూ బిగించేసి, ఇక డయల్ ముట్టుకోకండి. కొండ వచ్చినా కోట వచ్చినా పిట్ట వెలుగు ఒకటే.

ఐఎస్ఓ_6400
మబ్బులు పరిగెత్తే రోజున మీరు బిగించింది బిగించినట్టే ఉంటుంది, ఫొటోలు పోతాయి. మన ఊళ్లో అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనం లేని వారం ఏది?

ఎంవీపీ_మాస్టారు
మబ్బు రోజున ఆటో పెట్టుకోండి, కాదన్నానా? ఎండ రోజున వద్దంటున్నాను.

సిక్కోలు_కుర్రోడు
ఈలిద్దరూ కొట్టుకునే లోపల పిట్ట గుడ్డు పెట్టి పిల్లని సేసి ఎగిరిపోతాది.

జెముడుకాకి
వెలుగు గురించి ఇంతసేపు మాట్లాడారు గానీ ఆయన ఫొటోల్లో అసలు జబ్బు ఎత్తు. షట్టర్ గారూ, ముడసర్లోవ గట్టు మీద నిలబడే తీస్తున్నారు కదా? పైనుంచి కిందకి చూస్తే పిట్ట వెనకాల కనిపించేది దాని పక్కనే ఉన్న బురద, చెత్త. అవి పిట్టకి ఒకటి రెండు మీటర్ల దూరంలోనే ఉంటాయి కాబట్టి ఎంత లెన్స్ పెట్టినా పూర్తిగా కరగవు. అదే పిట్ట కంటి ఎత్తుకి దిగండి, నేల మీద బోర్లా పడుకోండి. ఇప్పుడు పిట్ట వెనకాల ఉన్నది అవతలి ఒడ్డు, వందల మీటర్ల దూరం. అది ఒట్టి పచ్చ రంగుగా మారిపోతుంది. చెత్త అక్కడే ఉంటుంది, మీ ఫ్రేమ్‌లో ఉండదు.

లెక్క కావాలంటే చెప్తా. క్రాప్ సెన్సర్ మీద 600 ఎంఎం, ఎఫ్ 6.3, పిట్ట 10 మీటర్ల దూరంలో ఉంటే స్పష్టంగా వచ్చే మందం 6, 7 సెంటీమీటర్లే. అంత పలచటి ఫోకస్ ఉన్నవాడు నేపథ్యం గురించి ఏడవకూడదు. అది దూరంగా ఉండేలా చూసుకుంటే చాలు.

సాగర్‌నగర్_షట్టర్
సోలార్ పలకలు ఏం చేయను? 2018లో పెట్టారు, నేను వెళ్లి తీయలేను కదా.

జెముడుకాకి
రెండడుగులు పక్కకి జరగండి. నిజంగానే. 600లో అడుగు జరిగితే నేపథ్యం మొత్తం మారిపోతుంది. పిట్టని చూడగానే నొక్కేయకుండా ముందు దాని వెనకాల ఏముందో చూడండి. నేను మంచి నేపథ్యం ఉన్న రాయినో కొమ్మనో ముందే చూసుకుని కూర్చుంటా. లకుముకి పిట్టకి అలవాటైన కొమ్మలు ఉంటాయి, చేపని పట్టుకుని మళ్లీ అక్కడికే వస్తుంది. దాని వెంట మనం పరిగెత్తక్కర్లేదు.

తేనెపిట్ట
బోర్లా పడుకోమని తేలిగ్గా అనేశారు జెముడుకాకి గారూ. ముడసర్లోవ గట్టు మీద నేను పడుకుంటే చుట్టూ జనం పోగై అంబులెన్స్ పిలుస్తారు. పైగా మోకాళ్లు. నాది పెద్ద జూమ్ బ్రిడ్జ్ కెమెరా, తెర బయటికి తిరుగుతుంది. చిన్న పీట మీద కూర్చుని కెమెరాని నేలకి ఆనించి పైనుంచి తెరలో చూస్తా. చీర నలగదు.

అనకాపల్లి_బెల్లం
కంటి ఎత్తు కావాలంటే మా వైపు సరస్సు, కొండకర్ల ఆవకి రండి. రెండు తాటి బొదెలు తొలిచి జోడించిన దోనెలో కూర్చుంటే నీళ్లు చేతికి అందుతాయి. నీలి బోలికోడి, తామరాకుల మీద నడిచే జకానా, అన్నీ కంటికి సమానంగా ఉంటాయి. ముందు తామరాకులు కరిగి పచ్చ తెరలా వస్తాయి, వెనకాల దూరపు కొండలు. గట్టు మీద ఎంత పడుకున్నా ఇది దొరకదు. పొద్దున దోనె నడిపే ఆయనకి ముందే చెప్పండి, పిట్టలకి తూర్పు వైపు నుంచి పడమరకి నెమ్మదిగా రమ్మని. అప్పుడు ఎండ మీ వీపున ఉంటుంది. ట్రైపాడ్ తేవద్దు, దోనె ఊగితే అదీ ఊగుతుంది. చేత్తోనే పట్టుకుని షట్టర్ 1/1000 పైన ఉంచండి. దోనెలో లేచి నిలబడితే మాత్రం మీరూ లెన్సూ ఇద్దరూ ఆవలో ఉంటారు.

కంబాలకొండ_కాలిబాట
అందరూ నీళ్లూ ఎండా అంటున్నారు, అడవిలో ఈ పాఠాలు సగం పనికిరావు. కంబాలకొండ లోపల ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది. పిట్ట సగం ఎండలో సగం నీడలో ఉంటే ఏ సెట్టింగూ కాపాడదు. ఎండ ఎక్కే లోపే వెళ్లి, పిట్ట పూర్తిగా నీడలో ఉన్నప్పుడు తీస్తా. లేదంటే మబ్బు పట్టిన రోజున వెళ్తా. బీచ్‌లో మబ్బుని తిట్టేవాళ్లు అడవికి వస్తే దండం పెడతారు. నీడ మెత్తబడుతుంది, పారడైజ్ ఫ్లైక్యాచర్ మగదాని తెల్ల తోక మాడకుండా వస్తుంది. అలాంటి రోజున ఆకాశాన్ని మాత్రం ఫ్రేమ్‌లోకి రానివ్వకండి. ఆకుల సందులోంచి ఒక్క తెల్ల కన్నం కనిపించినా చూసేవాడి కన్ను అక్కడికే పోతుంది.

షట్టర్ 1/250 దాకా దించుతా, ఐఎస్ఓ ఎంతైనా పోనిస్తా. గరుకు వస్తే తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు, కదిలిన ఫొటోని ఏం చేస్తాం?

సిక్కోలు_కుర్రోడు
మా తేలినీలాపురం సంగతి సెప్పండి బావూ. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి సెట్ల మీదే ఉంటాయి. తలెత్తి తీస్తే ఒట్టి పొట్టలే వస్తన్నాయి, ఎనకాల తెల్ల ఆకాశం.

జెముడుకాకి
కింద నిలబడి తీస్తే పొట్టలు కాక ఏమొస్తాయి తమ్ముడూ. చెట్టుకి దూరంగా వెళ్లు. దూరం పెరిగేకొద్దీ కోణం తగ్గుతుంది, చెట్టు వెనకాల ఇంకో చెట్టు పడేలా చూసుకో. పిట్ట చిన్నదవుతుంది, అవనీ. గూడబాతు చెట్టు మీదకి దిగేటప్పుడు తీయి. రెక్కలు విప్పి కాళ్లు ముందుకి చాస్తుంది. గాలికి ఎదురుగానే దిగుతుంది కాబట్టి గాలి నీ వీపు నుంచి వీస్తుంటే ముఖం నీ వైపే ఉంటుంది.

రుషికొండ_రైడర్
ఇంత కష్టం ఎందుకండీ. గూడు దగ్గర కూర్చుంటే పిట్ట అదే వస్తుంది కదా. మా వైపు తాటిచెట్టుకి గిజిగాడి గూళ్లు ఉంటాయి వానాకాలంలో. అడ్డొచ్చే మట్టలు రెండు కొట్టేస్తే లైటింగ్ కూడా అదిరిపోతుంది.

జెముడుకాకి
ఆ మట్ట అడ్డు మీకు, గూటికి అది నీడ. కొట్టేస్తే పిల్లలకి ఎండ, కాకికి దారి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అంటే ఏమిటో చెప్పిన చోటే పక్షుల గూళ్లని, గుడ్లని కదిలించడం కూడా ఉంది, చూసుకోండి. అలా తీసిన ఫొటో ఎంత బాగున్నా ఇక్కడ పెట్టొద్దు.

రుషికొండ_రైడర్
చట్టం దాకా ఎందుకు సార్, అందరూ తీస్తూనే ఉన్నారు. రెండు మట్టలకే ఇంత గొడవా.

తేనెపిట్ట
రైడర్ తమ్ముడూ, ఏమీ కొట్టకుండానే గిజిగాడు బాగా వస్తాడు. మగది గడ్డి పోచ చీల్చుకుని వచ్చే దారి ఉంటుంది, గూటికి కాక ఆ దారికి ఎదురుగా దూరంగా కూర్చో. నోట్లో పోచతో ఎగిరే ఫొటో గూడు ఫొటో కన్నా వెయ్యి రెట్లు మేలు. పోచ పట్టుకుని దగ్గరికి రాకుండా పక్క కొమ్మ మీదే తచ్చాడుతోందంటే నువ్వు మరీ దగ్గరున్నావని అర్థం, లేచి వెనక్కి రా.

రుషికొండ_రైడర్
సరే అక్కా, ప్రయత్నిస్తా. జెముడుకాకి గారు మాత్రం కొంచెం మెల్లిగా చెప్పొచ్చు.

సాగర్‌నగర్_షట్టర్
అందరికీ థాంక్స్. మాస్టారు చెప్పినట్టు సాయంత్రం వెళ్లాను, జెముడుకాకి గారు చెప్పినట్టు ఇసుకలో పడుకున్నాను. ఉల్లంకి కంట్లో మెరుపు చుక్క మొదటిసారి వచ్చింది. ఒకటి అప్‌లోడ్ చేశాను, దయచేసి మొహమాటం లేకుండా తిట్టండి.

గోస్తనీ_గట్టు
వెలుగు బాగుంది. పిట్టని మాత్రం సరిగ్గా మధ్యలో పాతేశారు. కుడి వైపుకి నడుస్తోంది కదా, ముందు ఖాళీ ఎక్కువ వదిలి వెనకాల తగ్గించండి. ఇప్పుడు ఫ్రేమ్ గోడకి గుద్దుకోబోతున్నట్టుంది.

ఐఎస్ఓ_6400
మధ్యలో ఫోకస్ పాయింట్ పెట్టుకుంటే మధ్యలోనే వస్తుంది. పాయింట్ జరిపే టైము లేకపోతే కొంచెం దూరంగా తీసి తర్వాత క్రాప్ చేసుకోండి. 24 మెగాపిక్సెల్లో పొడవూ వెడల్పూ సగానికి కోసినా 6 మిగులుతాయి, ఫోన్లో చూసేవాళ్లకి అది ఎక్కువే.

ఎంవీపీ_మాస్టారు
క్రాప్ అలవాటైతే కన్ను బద్ధకిస్తుంది. అయినా ఈ ఫొటోలో నాకు ఖాళీ కన్నా తల ముఖ్యం. ఒళ్లు పక్కకి ఉంది, తల అవతలికి తిరిగింది. కొంచెం మన వైపు తిరిగిన క్షణం దాకా ఆగితే పిట్టకి మనిషి మీద ధ్యాస ఉన్నట్టు ఉంటుంది. వరసగా పది నొక్కి అందులో తల తిరిగినది ఒక్కటి ఉంచుకోండి. మిగతా తొమ్మిదీ చెరిపేయండి, దాచుకోవద్దు. నీళ్లలో నీడ కూడా కాళ్ల దగ్గర తెగింది. నీడ ఉంచితే మొత్తం ఉంచండి, లేదా పూర్తిగా తీసేయండి.

కంబాలకొండ_కాలిబాట
పిట్ట చుట్టూ పొగలా మసక ఉంది, ఏమిటది?

సాగర్‌నగర్_షట్టర్
ఫోకస్ తప్పలేదండీ. ముందు మూడింటికే వెళ్లినప్పటిది, దూరం కూడా ఎక్కువే.

ఎంవీపీ_మాస్టారు
ఇసుక వేడికి గాలి ఊగుతోంది. నేలకి అంటుకుని తీసినప్పుడు ఇది ఇంకా ఎక్కువ. లెన్స్ తప్పు కాదు, సర్వీసుకి ఇవ్వకండి. దూరం తగ్గించుకోండి, లేదా ఇంకో గంట ఆగండి. ఇంకొకటి, ఏసీ గదిలోంచి తీసుకొచ్చి నేరుగా బీచ్‌లో బ్యాగ్ తెరిస్తే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది. అరగంట బ్యాగ్ మూసే ఉంచండి. ఇంటికెళ్లాక ఉప్పుని తడి గుడ్డతో తుడవడం మీకు తెలిసే ఉంటుంది.

సాగర్‌నగర్_షట్టర్
హార్బర్ దగ్గర గరుడ పక్షులు, గల్స్ బాగా వస్తాయని విన్నా. అక్కడ వెలుగు ఎలా ఉంటుంది?

గోస్తనీ_గట్టు
వెలుగు సంగతి తర్వాత. ఇది నేవీ ఊరు. 600 లెన్స్ పట్టుకుని ఏ వైపు తిప్పుతున్నారో చూసుకోండి. నన్ను ఒకసారి కూర్చోబెట్టి కార్డులో ఉన్న ఫొటోలన్నీ చూశారు. అన్నీ గల్సే కాబట్టి వదిలేశారు, ఒకాయనైతే 'ఇది బాగుంది' అని కూడా అన్నాడు. అడిగి, అనుమతి ఉన్న చోట మాత్రమే తీయండి.

సిక్కోలు_కుర్రోడు
మొత్తానికి మంచి క్రిటిక్ దొరికాడు మీకు.

అనకాపల్లి_బెల్లం
ఆదివారం కొండకర్ల వచ్చేవాళ్లు చెప్పండి, దోనె ఆయనతో మాట్లాడతా. ఒక్కో దోనెలో లెన్సులతో ఇద్దరికి మించి వద్దు. షట్టర్ గారూ, మాస్టారూ, ఐఎస్ఓ గారూ ముగ్గురూ వస్తామన్నారు.

తేనెపిట్ట
నేనూ వస్తా. మాస్టారిని, ఐఎస్ఓ గారిని ఒకే దోనెలో ఎక్కించకండి.

ఎంవీపీ_మాస్టారు
ఎక్కించండి, నాకేం భయం లేదు. ఎండ కాస్తే చాలు.

ఐఎస్ఓ_6400
ఆదివారం మబ్బు అంటున్నారు.